రెండు కార్లు, కొన్ని డైలు

బాలానగర్ సందుల్లో తిరిగినవాళ్లకి ‘డై’ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రేకుని ఒక్క దెబ్బకి మూతగానో, కారు తలుపుగానో మార్చే ఉక్కు అచ్చు. 1968లో ఇక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టింది అలాంటివి గీసే, చేసే మనుషుల్ని తయారుచెయ్యడానికే. యుద్ధం తర్వాతి జర్మన్ లగ్జరీ కార్లలో ఏది గొప్పదన్న చర్చ వస్తే నా ధ్యాస హార్స్‌పవర్ మీద కాక ఈ డైల మీదకి పోతుంది.

1951 ఏప్రిల్, ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షో. మెర్సిడెస్ 300, బీఎండబ్ల్యూ 501 ఒకేచోట జనం ముందుకొచ్చాయి. మొదటిది మూడు లీటర్ల ఇంజను, 115 హార్స్‌పవర్. రెండోది రెండు లీటర్లు, 65. ఛాన్సలర్ అడెనావర్ 300 ఎక్కాడు, ఆ కారుకి ఆయన పేరే స్థిరపడింది. 501 ఒంపులు చూసి ‘బరోక్ దేవదూత’ అన్నారు. అందానికైతే నా ఓటు దీనికే.

కానీ బీఎండబ్ల్యూ కార్లు చేసిన ఐజెనాక్ ఫ్యాక్టరీ సోవియట్ల చేతికి పోయింది. మ్యూనిక్ యంత్రాల్ని నష్టపరిహారం కింద విప్పి పట్టుకెళ్లారు. షోలో కారైతే నిలబెట్టారు గానీ బాడీ కొట్టే సరంజామా సిద్ధంగా లేదు. మొదటి బాడీలు స్టట్‌గార్ట్‌లో, అంటే మెర్సిడెస్ సొంత ఊళ్లో, బౌర్ అనే కంపెనీ చేసిచ్చింది. కొన్నవాళ్లకి కారు అందేసరికి 1952 చివరికొచ్చింది. ధర పదిహేనువేల మార్కుల పైమాటే. 1954లో 502కి అల్యూమినియం వీ8 ఇంజను పెట్టినా నష్టాలు తీరలేదు. 1959 డిసెంబర్ 9న కంపెనీని డైమ్లర్-బెంజ్‌కి అప్పగించే ప్రతిపాదన వచ్చింది. చిన్న వాటాదారులు, డీలర్లు అడ్డుపడ్డారు. ఆ తర్వాత హెర్బర్ట్ క్వాంట్ డబ్బు పెట్టి నిలబెట్టాడు.

మన దగ్గరికి ఆ మూడు కొమ్ముల నక్షత్రం లారీ ముక్కు మీద వచ్చింది. 1954లో టాటాలు డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. బెంజి కార్ల బిగింపు పుణెలో మొదలైంది 1995లో. మధ్యలో నలభై ఏళ్లు మనకి బెంజి అంటే లారీయే.

ఇవాళ హైటెక్ సిటీ సిగ్నల్ దగ్గర రెండు కంపెనీల కార్లూ పక్కపక్కనే ఆగుతాయి. బాలానగర్ రేకుల షెడ్ల కింది నేలకేమో అపార్ట్‌మెంట్ల రేటు పలుకుతోంది. ఇంజనీర్లు మిగిలి ఉన్నా, యంత్రాలు పోయిన మ్యూనిక్ తేరుకోవడానికి పదేళ్ల పైనే పట్టింది. ఈ షెడ్లు ఖాళీ అయ్యేటప్పుడు గజాల లెక్కతో పాటు ఆ లెక్క కూడా ఎవరైనా వేస్తున్నారా?