టి, ఇ, ఎల్

మాది అన్నూరు. కోయంబత్తూరు నుంచి సత్యమంగలం వెళ్లే దారిలో, మన్నీశ్వరర్ గుడి ఉన్న ఊరు. నాయక రాజుల కాలంలో ఈ సీమకొచ్చి నిలిచిపోయిన తెలుగు ఇళ్లు మావి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాట అందరికీ వచ్చు, చదవడం ఏ ఒక్కరికో. నాకు అక్షరాలు మా తాత నేర్పాడు.

నేను కాలేజీ లైబ్రరీలో సహాయకురాలిని. ఒక ఏడాది కార్డు పెట్టెలు మూలకు చేరి, బల్ల మీదికి కోహా సాఫ్ట్‌వేర్ వచ్చింది. మొదటిరోజు ఎదురుగా పిల్లల వరస. పుస్తకం బార్‌కోడ్ మీద స్కానర్ పెట్టాను. ఆ నంబరుతో సభ్యులెవరూ లేరంది తెర. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. చెమటలు పట్టాయి.

సీనియర్ అక్క పక్కకొచ్చింది. "స్కానర్‌కు పుస్తకమేదో మనిషెవరో తెలీదమ్మా. నువ్వు టైపు చేసి ఎంటర్ కొట్టినట్టే అదీ కొడుతుంది. ముందు పిల్లవాడి కార్డు, తర్వాత పుస్తకం."

ఇన్నేళ్లూ నేను చేసిందీ అదే కదా! కార్డు చేతికిచ్చాకే తేదీ ముద్ర.

బల్ల దగ్గరి వరస ఈ కోహాకెలా తెలుసునని ఆ రాత్రి దాని పుట్టుక గురించి చదివాను. 1999. న్యూజీలాండ్‌లో లెవిన్ అనే చిన్న ఊరు. అక్కడి హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరాన్ని తట్టుకోలేదు. గడువేమో డిసెంబరు 31. గ్రంథాలయాన్ని నడిపే రోజలీ బ్లేక్ బృందం, కటిపో కమ్యూనికేషన్స్ అనే చిన్న సంస్థను పిలిచి, తమ పనికి సరిపోయేది కొత్తగా రాయించుకుంది. 2000 జనవరిలో అది నడిచింది. ఆపై దాన్ని దాచుకోలేదు, ఎవరైనా వాడుకోండి, దిద్దుకోండి అని లోకానికి వదిలేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. పుచ్చుకున్నవాళ్లు ఎప్పుడో తిరిగి ఏదో ఒకటి ఇస్తారన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది.

కొన్ని వారాలకు కేటలాగింగ్ నా చేతికొచ్చింది. మార్క్ 21 అనే నమోదు పద్ధతిలో రచయితకు 100వ వరస, పుస్తకం పేరుకు 245. ఆ 245 పక్కన రెండు చిన్న గడులుంటాయి. అక్షరక్రమంలో పెట్టేటప్పుడు పేరు మొదట్లో ఎన్ని అక్షరాలు వదిలేయాలో రెండో గడి చెబుతుంది. ఇంగ్లీషు పేరు 'The'తో మొదలైతే 4. మూడక్షరాలు, ఒక ఖాళీ. తెలుగుకు, తమిళానికి సున్నా. మన పేర్లలో దాటేయాల్సిన మాట లేదు. ఆ సున్నా నాకెంత నచ్చిందో!

అప్పుడు దొరికింది ఆ కట్ట. ఎవరో పెద్దాయన దానమిచ్చిన పద్నాలుగు పుస్తకాలు. చదివేవాళ్లు లేక పాత రిజిస్టరులో పద్నాలుగు వరసల్లోనూ ఒకటే రాశారు: తెలుగు పుస్తకం. పేరు లేదు, రాసినవాళ్లు లేరు. ఇన్నేళ్లూ అవి అరలో ఉండీ లేనట్టే.

ఒక్కో అట్ట దుమ్ము తుడిచి, కూడబలుక్కుని, పేర్లు తెలుగు అక్షరాల్లోనే ఎక్కించాను. 008 వరసలో 35 నుంచి 37 దాకా భాషకు మూడు స్థానాలు. మా నమూనాలో అక్కడ తమిళం గుర్తు టి, ఏ, ఎమ్ ముందే నిండి ఉంది. చెరిపి టి, ఇ, ఎల్ కొట్టి సేవ్ చేశాను.

"ఏం పేరు ఆ పుస్తకానిది?" అక్క అడిగింది. వాళ్లదీ తెలుగిల్లే. చదివాను. ఇంకోసారి చదవమంది.

"నా పేర రాయి. ఆదివారం ఇంటికొచ్చి మా అమ్మకు నువ్వే చదివి పెట్టాలి."

ముందు ఆమె కార్డు పెట్టాను. తర్వాత పుస్తకం.