టవర్ పేరు మాటున టోక్యో

పాత అమెరికన్ కేటలాగుల్లో కెమెరాల పేజీలకు ఈమధ్య గిరాకీ పెరిగింది. సియర్స్ రోబక్, మాంట్‌గొమరీ వార్డ్ కంపెనీలు ఇంటింటికీ పంపిన లావుపాటి పుస్తకాల్లోంచి ఆ పేజీలు తీసి పటం కట్టించుకునేవాళ్ళున్నారు. పేజీలో బొమ్మగా చూసిన కెమెరానే వెతికి కొని, రీలు వేసి, ఫొటోలు తీసేవాళ్ళూ ఉన్నారు. ఈ మోజు వెనక అందరికీ అలవాటైన కథ ఒకటుంది. ఊరికి దూరంగా పొలంలో ఇల్లు, బల్ల మీద కేటలాగు, పేజీ మూల మడిచిపెట్టిన పిల్లవాడు, క్రిస్మస్ నాటికి తపాలాలో వచ్చిన పెట్టె. అది అబద్ధమని నేననను. అలాంటి ఇళ్ళు ఉన్నాయి, అలాంటి పిల్లలూ ఉన్నారు. నా అభ్యంతరం దాని మీద కట్టిన చరిత్రతోనే.

ఆ చరిత్ర రెండు మాటలు చెబుతుంది. సామాన్యుడి చేతికి కెమెరా ఇచ్చింది కొడాక్, కేటలాగు దాన్ని మోసుకొచ్చిన బండి మాత్రమే అన్నది మొదటిది. జపాన్ కెమెరాను అమెరికాకు పరిచయం చేసింది కొరియా యుద్ధానికి వెళ్ళిన పత్రికా ఫొటోగ్రాఫర్లు అన్నది రెండోది. రెండింట్లోనూ కేటలాగుకు చోటు లేదు. కేటలాగు కంపెనీలు సొంత పేరు వేసి అమ్మిన కెమెరాలను సేకర్తల పుస్తకాలు చాలాకాలం ‘ఎవరి సరుకో, పేరు మార్చింది’ అని ఒక్క వాక్యంతో తేల్చేశాయి. ఆ ఒక్క వాక్యాన్నే విప్పి చూడాలి.

తొలి దశ తెలిసినదే గనుక త్వరగా దాటవచ్చు. 1872లో షికాగోలో ఆరన్ మాంట్‌గొమరీ వార్డ్ ఒకే కాగితం మీద ధరల పట్టీ అచ్చువేశాడు. గడియారాలతో మొదలైన రిచర్డ్ సియర్స్ 1890ల్లో అన్ని సరుకులకూ విస్తరించాడు. 1896లో పల్లె ఇళ్ళకు ఉచిత తపాలా బట్వాడా మొదలైంది. 1913 జనవరి 1 నుంచి ప్రభుత్వ తపాలాలోనే పెద్ద పార్శిళ్ళు పంపే వీలు వచ్చింది. మన దగ్గర పుస్తకాలనూ గడియారాలనూ వి.పి.పి. ఊరూరా చేర్చినట్టే అక్కడ ఈ తపాలా వ్యవస్థ సరుకును పొలాల దాకా తీసుకెళ్ళింది. వర్ణవివక్ష రాజ్యమేలిన దక్షిణాది రాష్ట్రాల్లో ఊరి దుకాణదారు ముందు నిలబడి అవమానపడకుండా నల్లజాతివాళ్ళు సరుకు కొనుక్కునే దారిని ఈ కేటలాగులు చూపాయని చరిత్రకారుడు లూయిస్ హైమన్ వాదించాడు. కెమెరాల విషయంలో దీన్ని ఎంతవరకు లాగవచ్చో జాగ్రత్తగా చూడాలి గానీ, కేటలాగును ఉత్త బండి అనేవాళ్ళు ఈ వాదాన్ని తప్పించుకుని పోలేరు.

కొడాక్ 1888లో 25 డాలర్ల కెమెరా తెచ్చింది. వంద ఫొటోలు తీశాక కెమెరాను రాచెస్టర్‌లోని కంపెనీకి పంపి 10 డాలర్లు కడితే కడిగి, అచ్చువేసి, కొత్త రీలు నింపి పంపేవారు. 1900 ఫిబ్రవరిలో వచ్చిన బ్రౌనీ ధర ఒక్క డాలరు, రీలు 15 సెంట్లు. రోజంతా ఒళ్ళొంచితే ఒకటిన్నర డాలరు దొరికే కూలీకి అది మరీ చవక కాదు, అలాగని అందనిదీ కాదు. కొడాక్‌కు దక్కాల్సిన పేరు దక్కాల్సిందే.

ఆ పేరు మాటున ఒక సంగతి మరుగున పడింది. కొడాక్ తన సరుకును తాను చెప్పిన ధరకే అమ్మాలని దుకాణదారులను కట్టడి చేసింది. పోటీ కంపెనీల సరుకు పెట్టుకోవద్దని షరతులూ విధించింది. సియర్స్ బతుకంతా ఊరి దుకాణం కన్నా తక్కువకు అమ్మడం మీదే. ధర తగ్గించనివ్వని కంపెనీతో దానికి పొసగదు. అందుకే 1900 ప్రాంతంలోనే సియర్స్ రోబక్ కంపెనీ పేరులోని అక్షరాలు కూర్చి ‘సెరొకో’ అనే పేరుతో కెమెరాలు అమ్మింది. ఆ తర్వాత మిన్నెసోటాలోని కాన్లీ కంపెనీ చేత చేయించుకుంది. 1915లో జడ్జి జాన్ హేజెల్ కొడాక్‌ను గుత్తాధిపత్యం కింద తప్పుపట్టాడు. 1921లో కొడాక్ అప్పీలు వదులుకుని రాజీకి వచ్చింది. కేటలాగు కెమెరాకు సొంత పేరు అలా వచ్చింది. ఇంకొకరి సరుకును తనదిగా చూపాలన్న దుర్బుద్ధి కన్నా, పేరున్న సరుకును తక్కువకు అమ్మనివ్వని బజారే దానికి ముఖ్య కారణమని నా అభిప్రాయం.

అసలు చర్చ రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి పదేళ్ళ మీద జరగాలి. సియర్స్ కెమెరాల మీద అప్పుడున్న పేరు ‘టవర్’. షికాగోలోని సియర్స్ ఆకాశహర్మ్యానికి ఈ పేరుతో సంబంధం కలిపేవాళ్ళున్నారు. ఆ భవనం 1970ల్లో లేచింది, కెమెరాలు అంతకు ఎంతో ముందువి.

అందరూ చెప్పే కథ ఇది. 1950 వేసవిలో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో ఉండగా, అదే పత్రికకు పనిచేసే జపనీయుడు జున్ మికి నిక్కోర్ లెన్సుతో అతని ఫొటో తీశాడు. ఆ ఫొటోలోని స్పష్టత చూసి డంకన్ ఆశ్చర్యపోయాడు, ఆ లెన్సులు చేసే నిప్పన్ కోగకు ఫ్యాక్టరీకి వెళ్ళాడు, తన జర్మన్ కెమెరా లైకాకు నిక్కోర్ లెన్సులు తగిలించుకుని కొరియా యుద్ధానికి వెళ్ళాడు. ఆ ఏడాది డిసెంబరు 10న న్యూయార్క్ టైమ్స్ ఈ లెన్సుల గురించి రాసింది. జపాన్ సరుకంటే నాసిరకమన్న అపోహ అక్కడితో తొలగిందంటారు.

ఇందులో జరిగినదంతా నిజమే. దాని నుంచి తీసిన ముగింపు దగ్గరే పేచీ. డంకన్ మాట విన్నది వృత్తి ఫొటోగ్రాఫర్లు. మధ్యతరగతి ఇల్లు ఏం విన్నది?

టవర్ టైప్ 3 అనే కెమెరాను చేతిలోకి తీసుకుంటే దీనికి జవాబు కొంత దొరుకుతుంది. అరచేతికి సరిపోయే లోహపు పెట్టె, చుట్టూ నల్లటి తొడుగు, పైన షట్టరు వేగాల చక్రం. రీలు వేయాలంటే వెనక తలుపు ఉండదు. అడుగుపలక ఊడదీసి, రీలు కొసను పొడుగ్గా కత్తిరించి కింది నుంచి దూర్చాలి. తీరంతా లైకాదే. పైన చెక్కిన పేరు టవర్. ముందున్న 5 సెంటీమీటర్ల లెన్సు అంచు చూడండి, అక్కడ నిక్కోర్ అని, నిప్పన్ కోగకు అని ఉంటుంది. చాలా కెమెరాల మీద ‘ఆక్యుపైడ్ జపాన్‌లో తయారైనది’ అన్న ముద్ర కూడా కనిపిస్తుంది. అమెరికా ఆక్రమణ ముగిసిన 1952 ఏప్రిల్‌కు ముందే అవి తయారై బయల్దేరాయని ఆ ముద్రే సాక్ష్యం. డంకన్ తన లైకాకు తగిలించుకున్నదీ ఈ 39 మిల్లీమీటర్ల మర లెన్సులనే. అదే కంపెనీ లెన్సు, అదే మర, దాదాపు అదే కాలం. ఒకటి యుద్ధానికి వెళ్ళింది, ఒకటి కేటలాగులోకి వెళ్ళింది.

ఈ కెమెరా చేసినది టోక్యోలోని నిక్కా. కానన్ నుంచి బయటికి వచ్చిన పనివాళ్ళు 1940 ప్రాంతంలో పెట్టుకున్న చిన్న కార్ఖానా దీని మూలం. జర్మనీ ఓడిపోయాక దాని పేటెంట్లకు రక్షణ పోవడంతో లైకా తీరులో కెమెరాలు చేసేవాళ్ళకు అడ్డు తొలగింది. అమెరికాలో సొంతంగా దుకాణాలు పెట్టే స్తోమత నిక్కాకు లేదు. సియర్స్ దగ్గర దానికి లేనివి మూడున్నాయి: దేశమంతా చేరే పుస్తకం, వాయిదాల మీద అమ్మే ఏర్పాటు, నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తామన్న హామీ. జపాన్ అన్న మాట చూసి వెనకాడే కొనుగోలుదారుకు చివరిది ముఖ్యం. కెమెరా పాడైతే టోక్యోకు ఉత్తరం రాయనక్కర్లేదు, సియర్స్‌కు రాస్తే చాలు. లైకా ధరకు చాలా తక్కువలో ఆ తీరు కెమెరా ఇంటికొచ్చేది. అపోహ తొలగడంలో ఈ హామీకి వార్తాపత్రిక వ్యాసంతో సమానమైన పాత్ర ఉందని నేను నమ్ముతున్నాను.

ఈ వాదానికి హద్దులున్నాయి. జపాన్‌లో ఉన్న అమెరికన్ సైనికులు తమ సైనిక దుకాణాల్లో కెమెరాలు కొని ఇళ్ళకు తెచ్చుకున్నారు, అది మూడో దారి. టవర్ అన్న పేరున్నవన్నీ జపాన్‌వీ కావు. హాంబర్గ్‌లోని ఇలోకా చేసినవీ ఉన్నాయి, అమెరికాలో తయారైన చవక పెట్టె కెమెరాలూ ఉన్నాయి. అమ్మేవాడి పేరు తగిలించడం సియర్స్ కనిపెట్టిన పద్ధతి కూడా కాదు. కానన్ తొలి కెమెరా 1936లో ‘హన్సా’ పేరును మోస్తూ బజారుకొచ్చింది. ఆ పేరు దాన్ని అమ్మిన ఒమియా అనే వ్యాపార సంస్థది. దాని లెన్సూ నిప్పన్ కోగకుదే.

ఇన్ని మినహాయింపుల తర్వాత కూడా అసాహి సంగతి నన్ను ఈ వాదం దగ్గరే నిలబెడుతుంది. కళ్ళద్దాల లెన్సులతో మొదలైన ఈ టోక్యో కంపెనీ 1952లో అసాహిఫ్లెక్స్ తెచ్చింది. లెన్సులోంచే చూస్తూ ఫొటో తీసే 35 మిల్లీమీటర్ల కెమెరాల్లో జపాన్‌లో అది మొదటిది. అప్పటి అలాంటి కెమెరాల్లో పెద్ద చికాకు ఒకటుండేది. మీట నొక్కగానే లోపలి అద్దం పైకి లేస్తుంది, చూసే కిటికీ చీకటైపోతుంది. ఎదుట ఉన్న బిడ్డ నవ్విందో ముఖం తిప్పుకుందో ఫొటోగ్రాఫరుకు తెలియదు. అద్దం వెంటనే తనంతట తాను కిందికి దిగే ఏర్పాటును 1954లో అసాహిఫ్లెక్స్ 2బి తెచ్చింది. హంగరీలో డుఫ్లెక్స్ అనే కెమెరా ఆ పని ముందే చేసింది గానీ అది కొద్ది సంఖ్యలోనే తయారై ఆగిపోయింది. తర్వాత వచ్చిన ఈ తరగతి కెమెరాలు చాలావరకు అసాహి దారిలోనే నడిచాయి. అంత ముఖ్యమైన మార్పు అమెరికన్ కుటుంబానికి చేరింది టవర్ 22 అన్న పేరుతో. దాని కన్నా సాదా రకం టవర్ 23. కేటలాగు చదివినవాడికి అసాహి అన్న మాట తెలియాల్సిన అవసరమే రాలేదు.

ఇక్కడ కేటలాగును వెనకేసుకురావడం నా వల్ల కాదు. దారి ఇచ్చింది, దానికి మూల్యంగా పేరు తీసుకుంది. 1955లో బులోవా కంపెనీ లక్ష రేడియోలు తన పేరుతో కావాలని అడిగితే సోనీకి చెందిన అకియో మొరితా ఒప్పుకోలేదు. ఆ కథను ఇప్పటికీ ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. అలా కాదనగల వెసులుబాటు నిక్కాకు లేదు. 1958లో అది యషికాలో కలిసిపోయింది. మరో పక్క 1954లోనే జపాన్ కెమెరాల తనిఖీ సంస్థను పెట్టింది. పరీక్ష నెగ్గిన సరుకుకు బంగారు రంగు చీటీ అంటించడం మొదలైంది. జపాన్ సరుకు మీద నమ్మకం గట్టిపడేకొద్దీ కంపెనీలకు అరువు పేరుతో అవసరం తగ్గింది.

అదే 1954లో కేటలాగు అలవాటును ఇంకో వైపు నుంచి పెంచిన సంఘటన జరిగింది. కలర్ రీలు ధరలోనే కడిగే ఖర్చు కలిపి వసూలు చేసే పద్ధతిని కొడాక్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని మానుకోవాల్సి వచ్చింది. దాంతో స్వతంత్ర లాబ్‌లు లేచాయి, రీలును కవరులో పెట్టి తపాలాలో పంపి కడిగించుకోవడం మామూలైంది. కాన్సస్‌లోని పార్సన్స్ అనే చిన్న ఊళ్ళో 1956లో మొదలైన డ్వేన్స్ ఫొటో ప్రపంచంలో చిట్టచివరగా కొడాక్రోమ్ కడిగిన లాబ్. 2010 డిసెంబరు 30 ఆఖరి గడువు అనగానే దేశదేశాల నుంచి రీళ్ళు తపాలాలో ఆ ఊరికి వచ్చిపడ్డాయి.

జర్మనీలో న్యూరెంబర్గ్‌కు చెందిన హన్స్ పోర్స్ట్, ఫ్యూర్త్‌కు చెందిన క్వెల్లే కూడా ఇతరులు చేసిన కెమెరాలను సొంత పేరుతో అమ్మే వ్యాపారం చేశాయి. క్వెల్లే ‘రెవ్యూ’ కెమెరాల్లో జపాన్ కంపెనీలు చేసినవీ, సోవియట్ జెనిత్‌లూ ఉన్నాయి. అమెరికాలో టవర్ పేరు 1960ల్లో పోయి సియర్స్ పేరే మిగిలింది. తర్వాతి కెఎస్ వరసను రికో చేసిపెట్టింది. సియర్స్ పెద్ద కేటలాగు 1993లో ఆగింది, 2018లో కంపెనీయే దివాలాకు చేరింది.

ఇప్పటి మోజును ఈ చరిత్ర పక్కన పెట్టి చూస్తే నాకు సంతోషమూ అసంతృప్తీ రెండూ కలుగుతాయి. అటకల మీద తుప్పు పట్టే కెమెరాలు మళ్ళీ పనిచేస్తున్నాయి, షట్టరు గుడ్డ మార్చగలిగిన ముసలి మెకానిక్కులకు మళ్ళీ పని దొరుకుతోంది. అది మంచిదే. కానీ ఈ మోజు ఎక్కువగా కేటలాగు బొమ్మనే ప్రేమిస్తోంది. ధర పక్కన నాటి కూలి ఎంతో వేసి చూడదు, పేరు వెనక కార్ఖానా ఏదో అడగదు. టవర్ 22ను అచ్చమైన అమెరికన్ బాల్యంగా చూపడం చూస్తే ఆనాడు కేటలాగు పేరు చెరిపేసిన పనివాళ్ళను మనం రెండోసారి చెరిపేస్తున్నామనిపిస్తుంది.

కొత్త సరుకులోనూ అదే తంతు. 2022లో వచ్చిన కొడాక్ ఎక్టార్ హెచ్35ను తెచ్చింది హాంకాంగ్‌కు చెందిన రెటో, కొడాక్‌ది పేరు వాడుకునే అనుమతి మాత్రమే. దాన్ని తప్పనను. చవకలో కొత్త రీలు కెమెరా దొరకడం ఇవాళ అరుదు. అయితే 2024లో రికో తెచ్చిన పెంటాక్స్ 17 మీద నాకు ఎక్కువ గౌరవం. రీలు తిప్పే మీట ఎలా చేయాలో తెలుసుకోవడానికి రికో వాళ్ళు ఉద్యోగ విరమణ చేసిన పాత ఇంజనీర్లను పిలిచి అడిగారు. 2011లో పెంటాక్స్‌ను కొన్న రికో ఒకప్పుడు సియర్స్ కెమెరాలు చేసిన కంపెనీ, పెంటాక్స్ టవర్ 22 చేసిన అసాహికి వారసురాలు. ఇద్దరూ ఇప్పుడు సొంత పేరుతో అమ్ముకుంటున్నారు. విడుదలనాటి 500 డాలర్ల ధర మాత్రం నాటి కేటలాగు చేరిన ఇళ్ళకు చేరేది కాదు, రీలు ధర పెరుగుతున్న తీరు చూస్తే ముందుముందు చేరుతుందన్న ఆశా నాకు లేదు.

సేకర్తలూ మ్యూజియంలూ చేయగల పని ఒకటుంది. టవర్ 3 పక్కన పెట్టే చీటీ మీద సియర్స్ అని పెద్దక్షరాల్లో రాసి నిక్కాను కుండలీకరణంలో పెడుతున్నారు. ముందు నిక్కా, టోక్యో అని రాయాలి. లెన్సు చేసిన నిప్పన్ కోగకు పేరు దాని కింద, అమ్మిన సియర్స్ పేరు ఆ తర్వాత.