గాలపు వేటలో పాటింపవలసిన మర్యాద

చెరువుగట్టున గాలము వేసి కూర్చున్నవాడు ఎన్ని చేపలు పట్టెనో, ఏ చేపను తిరిగి నీటిలో విడిచెనో చూచువారు అరుదు. కనుక ఈ వేటలో చట్టముకంటె మర్యాదకే పని ఎక్కువ. చేపల వేటకు హద్దులు పెట్టు ఆచారము మన దేశమున చాల పాతది.

అశోకుని ఐదవ స్తంభశాసనము క్రీ. పూ. 243 ప్రాంతమునాటిది. కొన్ని పర్వదినములలో చేపలను చంపరాదనియు, అమ్మరాదనియు అందు కలదు. 12వ శతాబ్దిలో పశ్చిమ చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు రచించిన ‘మానసోల్లాస’మున గాలపు వేటను గూర్చి ‘మత్స్యవినోదము’ అను ప్రకరణమున్నది. ఏ చేప ఎట్టి నీట తిరుగునో, దానికి ఏ ఎర తగునో అందు వివరింపబడినది. చేపను ఎరిగినవాడే వేటకు తగినవాడని దీనివలన తెలియును.

గ్రుడ్లు పెట్టు చేపలును, చేపపిల్లలును విచ్చలవిడిగా నశించుచున్నవని ఫ్రాన్సిస్ డే 1873లో తన నివేదికయందు తెలిపెను. 1897లో వచ్చిన భారత మత్స్యపరిశ్రమ చట్టము పేలుడు పదార్థములతో, విషముతో చేపలను చంపుటను నిషేధించెను. వలలను గూర్చి నియమములు చేయు అధికారమును ప్రభుత్వములకు ఇచ్చెను. ఒంటరిగా గాలము వేయువాడు మాత్రము తన హద్దును తానే ఏర్పరచుకొనవలెను.

అది ఎంత అవసరమో మార్కాపురము, గిద్దలూరుల నడుమనున్న కంభం చెరువును చూచిన తెలియును. విజయనగర రాజుల కాలమున, 16వ శతాబ్దిలో, రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డముగా 57 అడుగుల ఎత్తున కట్ట వేసి దీనిని నిర్మించిరి. 2020లో దీనికి అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడముగా గుర్తింపు లభించినది. నల్లమలలో వానలు తప్పిన ఏండ్లలో దీని నీరు అడుగంటును. చేపలు మిగిలిన మడుగులలో క్రిక్కిరిసి గాలమునకు సులభముగా చిక్కును. కాని మరుసటి వానలకు గ్రుడ్లు పెట్టవలసినవి అవియే.

కొరమేను సంగతి మరింత గమనింపదగినది. ఇది తన గ్రుడ్లను, పిల్లలను కాచుకొనియుండును. ఎర్రని పిల్లల గుంపు నీటిపై తేలుచుండగా అచట గాలము పడినచో, కాపున్న చేప దానిని శత్రువని తలచి పైబడును. దానిని పట్టినచో దిక్కులేని ఆ పిల్లలు ఇతర చేపల పాలగును. ఒక్క చేప కొరకు ఒక సంతానమే నశించును.

కనుక వినోదమునకు గాలము వేయువారు, చేపల హక్కు గల మత్స్యకారుల అనుమతి ముందుగా పొందవలెను. వారికి అది జీవనాధారము. గ్రుడ్లు పెట్టు వానకాలమున వేట మానవలెను. చిన్న చేపను తడిచేతితో పట్టి విడువవలెను. పొడిచేయి తగిలినచో దాని ఒంటిని కాపాడు జిగురుపొర చెడును. తెగిన నైలాను దారమును ఏరి తీసికొనిపోవలెను. అది పక్షుల కాళ్లకు ఉరియగును.

వానకాలమున ఉపాధ్యాయులు విద్యార్థులను చెరువుగట్టునకు తీసికొనిపోయి ఆ ఎర్రని పిల్లల గుంపును చూపినచో, ఈ నియమములు ఏల పుట్టినవో వేరుగా చెప్పనక్కరలేదు.