గంట మోగే ఇల్లు

సిస్టర్లను మనం బడి గేటు దగ్గర చూస్తాం, ఆసుపత్రి వరండాలో చూస్తాం, ఆదివారం దివ్యపూజలో చూస్తాం. వాళ్ళుండే ఇల్లు మాత్రం మనకు తెలియదు. జూబిలీ సంచికల్లో భవనాల ఫొటోలుంటాయి, మేత్రాణుల పేర్లుంటాయి, పదో తరగతి ఫలితాలుంటాయి. ఆ పనులన్నిటినీ నిలబెట్టిన ఇంటికి ఒక్క పేజీ కూడా దక్కదు. ఈ కొద్ది పేజీలూ ఆ ఇంటికే.

మన కోస్తాలో ఆ ఇంటి కథ యానాంలో మొదలైంది. 1849లో అన్నెసీ పట్టణం నుంచి పునీత జోజప్పగారి సభ సిస్టర్లు అక్కడికి వచ్చారు. 2024తో దానికి 175 ఏళ్ళు నిండాయి. వాళ్ళకంటే ముందు, 1846లో, అదే అన్నెసీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖపట్నం చేరారు. అప్పటికి అన్నెసీ ఫ్రాన్సులో లేదు. సార్డీనియా రాజ్యం కింద సవోయ్ అనే కొండసీమలో ఉండేది, 1860లో గాని ఫ్రాన్సులో కలవలేదు. సూయజ్ కాలువ తెరవడానికి ఇంకా ఇరవై ఏళ్ళుంది. యానాం పక్కనున్న కోరంగిని 1839 ఉప్పెన ముంచెత్తి అప్పటికి పదేళ్ళే అయింది. యానాం ఫ్రెంచివాళ్ళది, ఊరు దాటితే కంపెనీ రాజ్యం. మన అనకాపల్లి మీదుగా రైలు 1890ల దాకా లేదు. మంచు కొండల నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఈ ఉక్కపోతలో, ఈ గోదావరి లంకల అంచున కాపురం పెట్టారంటే ఆ గుండె నిబ్బరానికి చేతులెత్తి మొక్కాలి.

అసలు వాళ్ళు గడప దాటి బయటికి రాగలగడం వెనక పెద్ద కథే ఉంది. 1610లో అన్నెసీలోనే ఫ్రాన్సిస్ డి సేల్స్, జేన్ డి షాంటాల్ కలిసి విజిటేషన్ సభను స్థాపించారు. ఆ సిస్టర్లు రోగుల ఇళ్ళకు వెళ్ళి సేవ చేయాలన్నది వాళ్ళ కోరిక. ఆ రోజుల్లో మఠకన్య అంటే నాలుగు గోడల మధ్య ఉండాల్సిందే. లియోన్ అగ్రపీఠాధిపతి పట్టుబట్టడంతో 1618 నాటికి ఆ సభ కూడా గోడల లోపలికి వెళ్ళిపోయింది. సేవ ఆగింది, ప్రార్థన మిగిలింది.

మరో ముప్పై ఏళ్ళకు ఫ్రాన్సులోని లె ప్యుయ్‌లో జెజ్విట్ గురువు జాన్ పియెర్ మెదాయ్ ఇంకో దారి తీశారు. ఆరుగురు స్త్రీలు చిన్న ఇంట్లో కలిసి ఉంటూ, ఆ కాలపు విధవల మాదిరి బట్టలు కట్టుకుని, అనాథ పిల్లలను సాకుతూ బతికారు. 1650లో అక్కడి పీఠాధిపతి హెన్రీ డి మోపా వాళ్ళకు పునీత జోజప్పగారి సభగా అనుమతి ఇచ్చారు. లె ప్యుయ్ లేసు అల్లికకు పేరుపడ్డ ఊరు. ఈ సిస్టర్లు పిల్లలకు లేసు, రిబ్బను అల్లడం నేర్పి అన్నానికి దారి చూపించారు. మన నర్సాపురం, పాలకొల్లు ఆడవాళ్ళకు ఆ పని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఫ్రెంచి విప్లవంలో సభ చెదిరిపోయింది, కొందరు సిస్టర్లు ప్రాణాలు కోల్పోయారు. మదర్ సెయింట్ జాన్ ఫోంబోన్ దాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఆ సభ కొమ్మల్లో ఒకటి 1833లో అన్నెసీలో వేరుగా నాటుకుంది. యానాం వచ్చింది ఆ కొమ్మే.

కలిసి ఉంటూ, వేళకు ధ్యానం చేస్తూ, సొంత ఆస్తి లేకుండా బతికిన మనుషులు అనకాపల్లికి కొత్త కాదు. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపిన శంకరం దగ్గర, బొజ్జన్నకొండ మీద బౌద్ధ భిక్షువుల గదుల ఇటుక పునాదులు ఇప్పటికీ కనిపిస్తాయి. వాళ్ళ నమ్మకం వేరు, వీళ్ళ నమ్మకం వేరు. రోజును గంటలుగా పంచుకుని, ఆ గంటలను ధ్యానానికి అప్పగించే పద్ధతి మాత్రం ఈ మట్టి ఎప్పుడో చూసింది.

ఇక లోపలి రోజు సంగతి. ఊరు లేవకముందే గంట మోగుతుంది. ధ్యానం, ప్రాతఃకాల ప్రార్థన, దివ్యపూజ అయ్యాకే టిఫిను. ప్రార్థనకు రెండు వైపులుగా కూర్చుంటారు. కీర్తనలో ఒక చరణం ఇటు వాళ్ళు చదివితే తర్వాతిది అటు వాళ్ళు అందుకుంటారు. ఎనభై దాటిన సిస్టర్ గారు ఆయాసంతో చరణం మధ్యలో ఆగితే, పక్కనున్న ఇరవై రెండేళ్ళ అమ్మాయి కూడా ఆగుతుంది. అందరి వేగమూ ఆ పెద్దావిడ ఊపిరిని బట్టే. బయట ఎవరికీ కనిపించని ఈ చిన్న మర్యాద మీదే ఆ ఇల్లు నిలబడి ఉందని నా నమ్మకం.

టిఫిను తర్వాత ఎవరి పనికి వాళ్ళు. బడిలో హెడ్మిస్ట్రెస్ అయినా ఇంట్లో వంతు వస్తే గిన్నెలు తోమాల్సిందే. సాయంత్రం జపమాల, సాయంకాల ప్రార్థన, భోజనం. ఆ తర్వాత కాసేపు కబుర్లు, చేతిలో చిక్కుడుకాయలో బట్టల కుట్టుపనో. పడుకునే ముందు ఆత్మపరిశోధన, రాత్రి ప్రార్థన. ఇక తెల్లవారేదాకా మాట వినిపించదు.

సిస్టర్లు దేవునికిచ్చే పేదరికం మాటపట్టు (వ్రతం) అనగానే మనకు చిరిగిన బట్టలు గుర్తొస్తాయి. అసలు పేదరికం అంతకంటే కష్టమైనది. జీతం ఇంటి ఖాతాకు వెళ్తుంది. చెప్పులు తెగితే మదర్ గారిని అడగాలి, బస్సు చార్జీకి లెక్క రాయాలి. విధేయత ఇంకా కఠినం. వేసవి సెలవుల్లో బదిలీ కాగితం వస్తుంది. పదేళ్ళు పాఠం చెప్పిన బడిని, పెంచిన మొక్కలను, పేరుపేరునా తెలిసిన పిల్లలను వదిలి రెండు సంచులతో బస్సెక్కాలి. మన ఉద్యోగాల్లో బదిలీ అయితే అర్జీలు పెడతాం, పరిచయాలు వాడతాం.

దీన్ని బలవంతపు త్యాగం అనుకోవద్దు. నవదీక్ష అనే శిక్షణ కనీసం ఏడాది, తొలి మాటపట్టు తర్వాత కనీసం మూడేళ్ళు గడిస్తేగాని శాశ్వత మాటపట్టు ఉండదు. అంతవరకూ ఇంటికి వెళ్ళే దారి తెరిచే ఉంటుంది. ఆ తలుపు చూస్తూ కూడా ఉండిపోయినవాళ్ళే వీళ్ళంతా.

రెండో వాటికన్ మహాసభ తర్వాత చాలా మారింది. లాటిను పోయి ప్రార్థన తెలుగులోకి వచ్చింది, చాలామంది సిస్టర్లు చీర కట్టారు. విశాఖలో 1958లో జోజప్పగారి సభ స్థాపించిన సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాల ఎన్నో ఇళ్ళలో తొలి పట్టభద్రురాలిని తయారుచేసింది. అది అందరికీ తెలిసిన చరిత్రే. ఆ పాఠం చెప్పిన సిస్టర్ ఏ వేళకు లేచిందో, ఏ పూట కళ్ళు తుడుచుకుందో ఎక్కడా రాసిలేదు.

అందుకే ఒక విన్నపం. సిస్టర్ల దగ్గర చదువుకున్న వాళ్ళు, వాళ్ళ చేతుల్లో పుట్టిన వాళ్ళు, వాళ్ళతో కలిసి వంటింట్లో పనిచేసిన వాళ్ళు మన చుట్టూ ఇంకా ఉన్నారు. వాళ్ళ మాటలు ఈ ఏడాదిలోనే రాయించి పెట్టండి. పాత గ్రూపు ఫొటోలు, ఉత్తరాలు పెట్టెల్లో ఉంటే మఠానికి ఇవ్వండి. ఇచ్చే ముందు వెనక వైపు ఏడాది, ఊరు, మనుషుల పేర్లు రాయడం మరిచిపోకండి.