చిన్న ఇంజను, చేతి గేరు: జీపు నుండి జిప్సీ వరకు

మన భాషలోకి వచ్చి చేరిన పరాయి మాటలలో ‘జీపు’ అదృష్టవంతురాలు. కారు, బస్సులతోపాటు తానూ ఉకారాంతమై, ‘జీపెక్కి’ అనినప్పుడు ఉత్వసంధికి కూడా మారు పలుకకుండా లొంగిపోయినది. 1952లో సమాజ వికాస పథకం మొదలైన తరువాత బ్లాకు అధికారి జీపును ఎరుగని పల్లె లేదు. ఇంతగా మనదైపోయిన ఆ బండి కొండలను ఏ బలముతో ఎక్కినదో మాత్రం మనలో విచారించినవారు తక్కువ. నేడు అడవి దారులకు, ఘాట్ రోడ్లకు బండి కొనదలచినవారు ముందుగా అడిగేది ఇంజను ఎంత పెద్దదని, ఆటోమేటిక్ ఉన్నదా అని. ఈ జాతి బండ్ల చరిత్ర తిరగవేస్తే ఆ రెండు ప్రశ్నలకూ రావలసినంత ప్రాధాన్యము కంటె ఎక్కువే వచ్చినదని నాకు తోచినది.

1940 జులైలో అమెరికా సైన్యం తేలికపాటి ఫోర్‌వీల్ డ్రైవు బండి కావాలని 135 సంస్థలకు లేఖలు వ్రాసినది. బరువు 590 కిలోలు మించరాదన్నది నిబంధన. నలుగురు సిపాయిలు చేతులతో ఎత్తి బురదలోనుండి బయట పెట్టగలిగేటట్లు ఉండవలెనన్న ఆశ కాబోలు! బాంటమ్ అనే చిన్న సంస్థ కోసం కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరు కొద్ది రోజులలోనే పటములు గీసి ఇచ్చినాడు. సెప్టెంబరు 23న మొదటి బండి మేరీలాండులోని సైనిక కేంద్రానికి చేరినది. దాని ఇంజను శక్తి సుమారు 45 అశ్వశక్తి. 590 కిలోల నిబంధన ఎవరికీ సాధ్యము కాలేదు. సైన్యమే దిగివచ్చి దానిని సుమారు 980 కిలోలకు సడలించినది.

ఇక్కడ నా వాదానికి ఎదురుపడే సంగతి ఒకటి ఉన్నది, దాచను. బాంటమ్, ఫోర్డ్, విల్లీస్ మూడింటిలో గెలిచినది అన్నిటికంటె బలమైన ఇంజను గల విల్లీస్ బండియే. అది 2.2 లీటర్లది, 60 అశ్వశక్తి గలది. ఆ ఇంజనును తీర్చిన బార్నీ రూస్ దానిని వదులుకొనుటకు ఇష్టపడక, బండిలోని ప్రతి భాగమునూ విప్పి తూచి, బోల్టుల పొడవు కత్తిరించి, రంగు పూతను కూడా పలుచన చేయించి బరువును హద్దులోనికి తెచ్చినాడు. అయితే గమనించవలసినదేమంటే, ఆయన పోరాటమంతా బరువుతోనే. ఇంజనును పెంచి బరువును మోయించలేదు, బరువును తగ్గించి ఉన్న ఇంజనును నిలుపుకొన్నాడు.

ఆ అరవై అశ్వశక్తి కొండలనెట్లు ఎక్కినది? దీనికి సమాధానం గేరుపెట్టెలో ఉన్నది. విల్లీస్ జీపులో మూడు గేర్లు. మొదటి గేరు ఇంజను తిరుగుళ్ళను 2.66 వంతులు తగ్గిస్తుంది. దాని వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అనే రెండవ పెట్టె ఉన్నది. అందులో ‘లో’ వేస్తే మరి 1.97 వంతులు. ఇరుసు దగ్గర 4.88 వంతులు. ఈ మూడింటినీ గుణిస్తే సుమారు ఇరవైఐదున్నర. అనగా ఇంజను ఇరవైఐదున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఘర్షణలో పోయినది పోగా, తిప్పే బలం దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది. ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగేటప్పుడు బండి వేగం గంటకు ఐదు కిలోమీటర్ల పైచిలుకు, అంటే మనిషి నడక. మా పండితుల భాషలో చెప్పాలంటే లఘువులన్నీ గురువులైపోయినవి: కాలం ఎక్కువ పట్టినది, బరువు కుదిరినది.

ఆటోమేటిక్ గేరు అప్పటికి లేక కాదు. జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ 1939 చివరనే వచ్చినది. యుద్ధంలో ఎం5 స్టూవర్ట్ అనే తేలిక ట్యాంకులో రెండు కాడిలాక్ ఇంజన్లకు దానినే బిగించినారు. ట్యాంకుకు పెట్టినది జీపుకు ఎందుకు పెట్టలేదని అడిగితే కారణం ఊహించుట కష్టము కాదు. ట్యాంకు బరువులో అది లెక్కలోనికి రాదు. బోల్టుల పొడవు కూడా కత్తిరించుకొంటున్న జీపుకు అది మోయలేని భారం. పైగా అరవై అశ్వశక్తిలో ద్రవం తినివేయగా మిగిలేది ఎంత? ఫోర్‌వీల్ డ్రైవు బండిలో ఆటోమేటిక్ దొరకడం 1963లో జీపు వ్యాగనీర్‌తో గాని మొదలు కాలేదు, దానికి 3.8 లీటర్ల ఇంజను తోడైనది. 1970 నాటి రేంజ్ రోవర్‌కు 3.5 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉండి కూడా 1982 వరకు కర్మాగారం నుండి చేతి గేరుతోనే వచ్చినది.

ఇంగ్లండులో మారిస్ విల్క్స్ తన పొలంలో వాడుకొన్న యుద్ధకాలపు జీపును చూచి 1948లో లాండ్ రోవర్‌ను తెచ్చినాడు. ఇంజను జీపు కంటె చిన్నది, 1.6 లీటర్లే. ట్రాన్స్‌ఫర్ కేసు మాత్రం వదలలేదు.

ఈ మార్గాన్ని చివరి దాకా నడచినది జపాను. అక్కడి చిన్నబండ్ల చట్టం ఆ రోజులలో 360 సి.సి. దాటనిచ్చేది కాదు, మూడు మీటర్ల పొడవు దాటనిచ్చేది కాదు. హోప్ అనే చిన్న సంస్థ చేసిన నమూనాను సుజుకి కొని, దిద్ది, 1970లో జిమ్నీగా విడుదల చేసినది. 359 సి.సి., రెండు సిలిండర్లు, 25 అశ్వశక్తి! మన స్కూటర్ల మెకానిక్కులు చూస్తే నవ్వుదురు. పొడవు హద్దు దాటకుండా స్పేర్ టైరును కూడా లోపల సీటు వెనుకనే పెట్టినారు. బరువు దాదాపు 600 కిలోలు. అమెరికా సైన్యం 1940లో కలగన్న బరువు కూడా దాదాపు ఇదే కదా!

ఆ వంశంలోనిదే మన జిప్సీ. 1985 చివరిలో మారుతి తెచ్చినప్పుడు దాని ఇంజను 970 సి.సి., 45 అశ్వశక్తి, నాలుగు గేర్లు, 1996లో 1.3 లీటర్లు, ఐదు గేర్లు వచ్చినవి. భారత సైన్యం దీనిని వేలకొలది తీసుకొన్నది. ఐదు వేల మీటర్ల పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలోని దానిలో దాదాపు సగమే. అక్కడ ఏ టర్బో లేని ఇంజనుకైనా సగం ఊపిరే. బండి తేలికది గనుక, లో గేరు ఉన్నది గనుక వేగం పోయినా ఎక్కుడు పోలేదు. 2017లో సైన్యం 3,192 సఫారీ స్టార్మ్‌లకు ఆర్డరిచ్చినది. 2019లో మామూలు కొనుగోలుదారులకు జిప్సీ అమ్మకాలు ఆగిపోయినవి.

2007లో చిలీ దేశపు ఓహోస్ దెల్ సలాదో పర్వతం మీద జరిగిన సంగతి చెప్పక మానలేను. జీపు రాంగ్లర్లతో వెళ్ళిన బృందమొకటి 6,646 మీటర్ల ఎత్తున ‘ఇది జీపులు మాత్రమే ఆపు చోటు, మిగిలినవి ఎటూ ఇక్కడికి రాలేవు’ అనే అర్థం వచ్చే బోర్డు పాతి వచ్చినది. కొన్ని వారాలకే గొంజాలో బ్రావో, ఎడ్వార్డో కనాలెస్ అనే చిలీయులిద్దరు మార్పులు చేసుకొన్న సుజుకి సమురాయిలో ఆ బోర్డును దాటి 6,688 మీటర్లకు చేరినారు. సమురాయి అంటే మన జిప్సీకి సోదరుడే.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వితినంటే, ఏజెన్సీ ప్రాంతంలో వైద్యుడుగా పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు “మాస్టారూ, చిన్న ఇంజను, చేతి గేరు తీసుకొననా, పెద్ద ఇంజను ఆటోమేటిక్ తీసుకొననా?” అని అడిగినాడు. వానాకాలంలో రోగులను ఘాట్ దారిన దించవలసినవాడు. అందరూ ఎక్కుడు గురించే అడుగుతారు. ప్రాణాలు పోయేది దిగుడులో. బరువైన బండి గంటసేపు బ్రేకు మీదనే దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతవి. చేతి గేరులో లో వేసి మొదటి గేరులో పెడితే, ఎక్కించిన ఆ ఇరవైఐదు రెట్లే వెనుకకు తిరిగి బండిని పట్టి ఉంచుతవి. బ్యాటరీ నీరసించినా నలుగురు తోస్తే ఇంజను అందుకొనే అవకాశమూ ఉన్నది.

ఆటోమేటిక్ పక్షాన చెప్పవలసినది లేకపోలేదు. ఇసుకలో గేరు మార్చే ఆ ఒక్క క్షణమే బండిని కూరుకుపోనిస్తుంది. ఆటోమేటిక్‌కు ఆ బాధ లేదు. దిగుడులో వేగాన్ని నిలిపే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు కూడా నేటి బండ్లలో వచ్చినవి. పట్నపు రద్దీలో క్లచ్చి తొక్కి తొక్కి ఎడమ మోకాలు పడే యాతన నా వయసువారికి వేరే చెప్పనక్కరలేదు.

2023లో మన దేశానికి వచ్చిన ఐదు తలుపుల జిమ్నీలో 1.5 లీటర్ల ఇంజనుకు రెండు రకాల గేర్లూ ఇచ్చినారు, లో గేరు రెంటికీ ఉన్నది. కొనేముందు రెండు రకాల బండ్లనూ ఏదైనా నిలువు దిగుడుకు తీసుకొనిపోయి, లో వేసి, బ్రేకు మీదనుండి కాలు తీసి చూడమన్నాను. మనుషులను నింపుకొని మరీ చూడమన్నాను, ఒంటరిగా కాదు. వచ్చే ఆదివారం వెళతానన్నాడు.