రిజర్వ్: ఎవరు తీసిపెట్టారు, ఎవరి కోసం తీసిపెట్టారు?



మాటల చరిత్ర మీద రాస్తున్న ఈ వరుసలో ఈసారి ఒక ఇంగ్లీషు మాట తీసుకుంటున్నాను. ఇంగ్లీషు అక్షరం ముక్క రానివాళ్లు కూడా రోజూ వాడే మాట. రిజర్వ్. రిజర్వేషన్.

సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏ సాయంత్రమైనా నిలబడి చూడండి. జనరల్ బోగీ తలుపు దగ్గర మూటలు, పిల్లలు, తోపులాట. రిజర్వేషన్ బోగీలో ఎవరి బెర్తు వాళ్లది. జనరల్ టికెట్‌తో ఎవరైనా లోపలికొస్తే నలుగురూ ఒకే మాట అంటారు: "ఇది రిజర్వేషన్ బోగీ, దిగండి." అక్కడ రిజర్వేషన్ ఉన్నవాడు మర్యాదస్తుడు. జనరల్ అంటే లేనివాడు.

అదే ప్రయాణికుడు మర్నాడు కాలేజీలోనో ఆఫీసులోనో అడుగుపెట్టగానే రెండు మాటలూ తలకిందులవుతాయి. ఇక్కడ జనరల్ అంటే తెలివి. రిజర్వేషన్ అంటే తక్కువతనం. రైల్లో "నాకు రిజర్వేషన్ ఉంది" అని గట్టిగా చెప్పిన నోరే, క్లాసులో "వాడు రిజర్వేషన్ క్యాండిడేట్" అని గుసగుసలాడుతుంది.

తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా చూపు ముందు క్రియాపదం మీద పడుతుంది. రైలు విషయంలో ఏమంటాం? "రిజర్వేషన్ చేయించుకున్నాను." చేసింది నేను. కాలేజీ విషయంలో? "రిజర్వేషన్లో సీటొచ్చింది." "గవర్నమెంటు రిజర్వేషన్లు ఇచ్చింది." ఒకచోట మనిషి తన పని తాను చేసుకున్నాడు. ఇంకోచోట చేయి చాపి పుచ్చుకున్నాడు. మాట ఒకటే. పక్కన చేరిన క్రియ మనిషిని మార్చేసింది.

లాటిన్ మూలంలో ఈ మాటకు అర్థం వెనక్కి తీసి ఉంచడం, తీసిపెట్టడం. ఆ అర్థం ఎక్కడికి పోయినా మారలేదు. మారిందల్లా మూడే: తీసిపెట్టింది ఎవరు, ఎవరి కోసం, ఎవరికి అందకుండా. ఈ మూడు ప్రశ్నలు పట్టుకుని ఈ మాట మన నేలమీద నడిచిన దారి చూద్దాం.

అడవిలో రిజర్వ్

మన పల్లెల్లో ఈ మాట ముందు భయపెట్టింది అడవి దగ్గర. 1878 భారత అటవీ చట్టం, 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని "రిజర్వ్ ఫారెస్ట్" చేశాయి. ఫలానా అడవిని రిజర్వ్ చేస్తున్నామని సర్కారు ప్రకటిస్తుంది. హక్కులున్నవాళ్లు గడువులోగా వచ్చి చెప్పుకోవాలి. చెప్పుకోనివాళ్ల హక్కు పోతుంది. తరతరాలుగా ఆ కొండమీద పోడు కొట్టుకుని బతికినవాళ్లకు హక్కు అనేది కాగితం మీద ఉండాలని ఎవరు చెప్పారు?

అక్కడ తీసిపెట్టింది తెల్లదొర. తన ఓడల కోసం, రైలు పట్టాల కింద వేసే దుంగల కోసం. అందకుండా పోయింది ఆదివాసీకి, పశువుల కాపరికి. పల్నాడులో అడవి మేతకు పుల్లరి కట్టమంటే కట్టనన్న కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు చనిపోయాడు. అదే ఏడు గూడెం, రంప కొండల్లో మొదలైన తిరుగుబాటు వెనక పోడు మీద పెట్టిన ఆంక్షలున్నాయి, రోడ్ల పనిలో చేయించిన వెట్టి ఉంది. నిజాం రాజ్యంలో ఇదే అడవి కోసం, పోడు భూమి కోసం కొట్లాడి 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణమిచ్చాడు.

బలమున్నవాడు తన కోసం తీసిపెట్టుకుంటే దాని పేరు చట్టం. ఆ అడవిని చూసి "సర్కారు రిజర్వేషన్ మీద బతుకుతోంది" అని ఎవరూ వెక్కిరించలేదు.

చట్టసభలో రిజర్వ్

1919 భారత ప్రభుత్వ చట్టంతో రాష్ట్రాల్లో పాలనను రెండు ముక్కలు చేశారు. చదువు, ఆరోగ్యం, స్థానిక సంస్థలు భారతీయ మంత్రుల చేతికి వచ్చాయి. పోలీసు, భూమి శిస్తు, నీటిపారుదల గవర్నర్ చేతిలోనే ఉండిపోయాయి. ఈ రెండో ముక్క పేరు "రిజర్వ్డ్ సబ్జెక్టులు". ఇక్కడ రిజర్వ్ అంటే అధికారంలో గట్టిముక్క. లాఠీ, శిస్తు, నీళ్లు.

అదే చట్టం కింద మద్రాసు శాసనమండలిలో సీట్లు కూడా రిజర్వ్ అయ్యాయి. ఎవరికో తెలుసా? బ్రాహ్మణేతరులకు. 1920లో మెస్టన్ తీర్పు ప్రకారం 28 సీట్లు. ఆస్తిని బట్టి, కట్టే పన్నును బట్టి ఓటు హక్కున్న కాలం అది. ఆ సీట్లలో నిలబడగలిగిందీ, గెలవగలిగిందీ ఎక్కువగా భూమి ఉన్న కులాలవాళ్లే. అంటరాని కులాలవాళ్లకు మాత్రం నామినేషనే గతి.

ఈ సంగతి మన విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో మనకంటే ముందు రిజర్వ్ సీట్లు ఎక్కినవాళ్లలో ఈ రోజు రిజర్వేషన్లను ఏవగించుకునే కులాల తాతలున్నారు. తప్పు చేశారని నేననను. జనాభాలో ఎక్కువమంది ఉండి ఉద్యోగాల్లో, సభల్లో లేకపోతే వాటా అడగడం న్యాయం. ఆ న్యాయం మనం అడిగినప్పుడు అన్యాయం ఎలా అయింది? ఆ దశకంలోనే కుసుమ ధర్మన్న "మాకొద్దీ నల్లదొరతనము" రాశాడు. తెల్లదొర చేతిలోంచి జారిన అధికారం ఎవరి చేతిలో పడుతోందో ఆయనకు కనిపించింది.

పూనాలో రిజర్వ్

1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అంటరాని కులాల ఓటర్లకు రెండు ఓట్లిచ్చింది. ఒకటి అందరితో కలిసి వేసేది. రెండోది తమ ప్రతినిధిని తామే ఎన్నుకునేది. గాంధీ యెరవాడ జైల్లో నిరాహారదీక్షకు కూర్చున్నాడు. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం కుదిరింది. ప్రత్యేక నియోజకవర్గం పోయింది. దాని బదులు రిజర్వ్ సీట్లు వచ్చాయి. దేశం మొత్తం రాష్ట్రాల సభల్లో 148. అందులో మద్రాసుకు 30.

లెక్క పెరిగింది. తాళంచెవి మారింది. మన ఓటర్లు ముందు ఒక ప్రాథమిక ఎన్నికలో నలుగురిని ఎంచుకోవచ్చు. ఆ నలుగురిలో గెలిచేదెవరో తేల్చేది మాత్రం అందరి ఓటు. అంటే సవర్ణ ఓటు. కుర్చీ మనది, అందులో కూర్చునే మనిషి ఎవరో చెప్పేది వాళ్లు. ఈ లోపాన్ని అంబేడ్కర్ 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో విప్పి చెప్పాడు. 1947లో "రాష్ట్రాలు, మైనారిటీలు" పత్రంలో ప్రత్యేక నియోజకవర్గాలను మళ్లీ అడిగాడు.

కాబట్టి "రిజర్వేషన్లు మీకిచ్చిన వరం" అని ఎవరైనా అంటే ఒక్క సంగతి చెప్పండి. చట్టసభల్లో రిజర్వ్ సీటు మనం అడిగినదానికంటే తక్కువ. ఒక పెద్ద హక్కు వదులుకుంటే చేతిలో పడిన చిన్న హక్కు అది.

రాజ్యాంగంలో రిజర్వ్

మద్రాసు రాష్ట్రంలో కాలేజీ సీట్లు కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవాళ్లు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. మళ్లీ చదవండి. బ్రాహ్మణులకూ అందులో వాటా ఉంది. జనరల్ అనే గడే లేదు. అందరి పేరూ బల్లమీదే ఉంది.

1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఈ జీవోను కొట్టేసింది. అదే ఏడు మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, 15(4) చేరింది. ఆ తర్వాత మిగిలిన అమరికలో ఒక మార్పు నన్ను ఆలోచింపజేస్తుంది. మన వాటాకు పేరుంది. పై కులాలు ఎక్కువగా తీసుకునే వాటాకు పేరు లేదు. పేరు లేనిదాన్ని జనరల్ అన్నారు. పేరున్నవాడు వేలెత్తి చూపడానికి దొరికాడు.

రాజ్యాంగంలో కూడా ఈ మాట అన్నిచోట్లా ఒకటి కాదు. 330, 332 అధికరణాలు లోక్‌సభ, శాసనసభల సీట్ల గురించి. 16(4) ఉద్యోగాల గురించి. 15(4)లో అయితే రిజర్వేషన్ అన్న మాటే లేదు, ప్రత్యేక ఏర్పాటు అని ఉంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే "అంబేడ్కర్ పదేళ్లే అన్నాడు" అనే అబద్ధం బతుకుతోంది. పదేళ్ల గడువు 334 అధికరణంలో ఉంది. అది చట్టసభల సీట్లకు మాత్రమే. దాన్ని పార్లమెంటు పొడిగిస్తూ వచ్చింది. 104వ సవరణతో 2030 దాకా ఉంది. చదువుకూ ఉద్యోగానికీ రాజ్యాంగం ఏ గడువూ పెట్టలేదు. చట్టసభలో రిజర్వేషన్‌కున్న షరతును తెచ్చి కాలేజీలో రిజర్వేషన్‌కు తగిలిస్తున్నారు. మాట ఒకటే కావడం ఎంత పని చేసిందో చూడండి.

1948 నవంబర్ 30న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఉద్యోగాల రిజర్వేషన్‌కు కారణం చెప్పాడు. పాలన ఇంతకాలం ఒకటి రెండు వర్గాల చేతిలో ఉండిపోయింది, బయట నిలబెట్టినవాళ్లకు లోపలికి దారి కావాలి. ఆ మాటల్లో దయ లేదు, బీదరికం మీద జాలి లేదు. అధికారంలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న లెక్క ఉంది.

మచ్చ లేని రిజర్వేషన్లు

371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు రిజర్వ్. ఆ ఉత్తర్వులో వాడిన మాట సాక్షాత్తూ రిజర్వే. దశాబ్దాలపాటు మన రాష్ట్రాల్లో డాక్టర్లు, ఇంజనీర్లు అయినవాళ్లలో ఎక్కువమంది ఆ 85 శాతంలోంచి వచ్చినవాళ్లే. పక్క రాష్ట్రంలో వాళ్లకంటే ఎక్కువ మార్కులున్న పిల్లలు ఎందరో ఉండే ఉంటారు. అయినా ఏ రెడ్డి డాక్టరునూ, ఏ కమ్మ ఇంజనీరునూ "రిజర్వేషన్ క్యాండిడేట్" అని ఎవరూ పిలవలేదు. మన 15 శాతం మాత్రం అందరి కంట్లో నలుసు.

2019లో 103వ సవరణ వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలను పక్కనపెట్టి మిగతావాళ్లలో పేదలకు 10 శాతం. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో సరేనంది. ఆ 10 శాతంలో సీటొచ్చిన పిల్లవాడికి ప్రతిభ లేదని హాస్టల్ గోడలమీద ఎవరైనా రాయగా చూశారా? నేను చూడలేదు. చూడాలని కోరుకోవడమూ లేదు. ఆ పిల్లవాడిని అవమానించకుండా ఉండటం ఈ సమాజానికి చేతనైతే, మన పిల్లల్ని అవమానించకుండా ఉండటమూ చేతనవుతుంది. చేయకపోవడం ఎంచుకున్న పని.

అందువల్ల మచ్చ రిజర్వేషన్ అన్న మాటలో లేదు. తీసిపెట్టడంలోనూ లేదు. ఎవరి కోసం తీసిపెట్టారో ఆ కులం మీద ముందే ఉన్న అంటు ఈ మాటకు అంటుకుంది. వెయ్యేళ్లపాటు అగ్రహారాలు, మాన్యాలు ఫలానా కులానికని తీసిపెట్టారు. వాటికి దానమని, ధర్మమని పేర్లు పెట్టారు. మొక్కు కోసం తీసిపెట్టిన సొమ్మును ముడుపు అని కళ్లకద్దుకున్నారు.

పక్క భాషలు ఈ మాటను తమలో కలుపుకున్నాయి. తమిళులు ఇడ ఒదుక్కీడు అంటారు, చోటు కేటాయింపు. కన్నడిగుల మీసలాతికి మూలం మీసలు. దేవుడి కోసమని ఎవరూ ముట్టకుండా తీసిపెట్టినది అని దానికో అర్థం. హిందీ ఆరక్షణ్‌లో రక్షణ ఉంది. మనం మాత్రం ఇంగ్లీషు మాటనే ఉంచుకున్నాం. ఉంచుకుంటే నష్టం లేదు. దాని పక్కన ఏ క్రియ పెడతామన్నదే అసలు సంగతి.

విద్యార్థి మిత్రులకు నా విన్నపం ఇదొక్కటే. "రిజర్వేషన్లు ఇచ్చారు" అని మన నోటితో మనం అనొద్దు. ఎవరూ ఇవ్వలేదు. 1932లో పోగొట్టుకుని, 1948లో వాదించి, 1951లో కాపాడుకుని నిలబెట్టుకున్నాం. "రిజర్వేషన్లో వచ్చావా?" అని ఎవరైనా అడిగితే తల దించొద్దు. "నా వాటాలో వచ్చాను. మీరు ఏ వాటాలో వచ్చారు?" అని అడగండి. పేరు లేకుండా దాక్కున్న వాటాలన్నీ తమ పేరు తాము చెప్పుకునేదాకా అడుగుతూనే ఉండండి.

జై భీమ్.