కమాన్ వంపు, అంబాసిడర్ ఎత్తు

కమాన్ అనే లఫ్జ్ ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో చూడండి. ఫార్సీలో కమాన్ అంటే విల్లు. తీర్-కమాన్ అంటే విల్లూ బాణమూ. చార్మినార్‌కి ఉత్తరాన, గుల్జార్ హౌజ్ చుట్టూ నిలబడ్డ నాలుగు తోరణాలు చార్ కమాన్. లారీ కింద ఉండే ఉక్కు పట్టీల కట్ట కూడా కమానే. ఉర్దూ ఒక్క ముక్క రాని డ్రైవర్ సైతం "కమాన్ పట్టీ విరిగింది" అనే అంటాడు. ఇంగ్లీషు వాళ్లు ఆ పట్టీలని ఆకులతో పోల్చి లీఫ్ స్ప్రింగ్ అన్నారు. నా అందాజాలో మన పేరే అస్లీ సంగతి చెప్తుంది. అది విల్లు. దాని వంపు పోతే బండి కుంగుతుంది.

ఇదంతా ఎందుకంటే, మన ఖాందాన్లలో ఇప్పటికీ కొన్ని అంబాసిడర్లు మిగిలి ఉన్నాయి. దాదాజాన్ కొన్నదో, మామూ టాక్సీ తిప్పినదో. అన్నిటికీ ఒకటే బీమారీ: ముందు భాగం బాగానే ఉంటుంది, వెనక నడుము వాలిపోతుంది. దాన్ని ఎలా లేపాలన్న ప్రశ్నకి జవాబు గ్యారేజీలో కంటే ముందు తారీఖ్‌లో ఉంది.

గుర్రపు బగ్గీల జమానాలో చాలాకాలం పెట్టెని తోలు పటకాలతో వేలాడదీసేవారు. 1804లో లండన్‌లో ఒబడయా ఎలియట్ అనే కారీగర్ రెండు ఉక్కు విల్లుల్ని ఎదురెదురుగా, కోడిగుడ్డు ఆకారంలో బిగించి పేటెంట్ తీసుకున్నాడు. బగ్గీ తేలికైంది, సవారీ మెత్తనైంది. తరవాత పై విల్లు తీసేసి సగమే ఉంచడం రివాజైంది. మన జట్కాల కిందికీ కమాన్లు వచ్చాయి. మోటారు కార్లు పుట్టినప్పుడు వాటిని తయారుచేసిన చేతుల్లో చాలా వరకు బగ్గీలు చేసినవే. కాబట్టి కమాన్ కూడా కారు కిందికి నడిచొచ్చింది.

అంబాసిడర్ పుట్టిల్లు ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీ. అక్కడ 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారునే హిందుస్తాన్ మోటార్స్ బెంగాల్ ఉత్తర్‌పారా కార్ఖానాలో తయారుచేసి, 1958 నుంచి అంబాసిడర్ పేరుతో అమ్మింది. ముందు చక్రాలకి మెలితిరిగే ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు. వెనక ఇరుసుకి అటొకటి ఇటొకటి కమాన్ కట్టలు. ఇంగ్లాండులో నలుగురైదుగురు ఎక్కే కుటుంబం కోసం వేసిన లెక్క అది. మన దగ్గర వెనక సీటులో ఐదుగురు, ఒళ్లో పిల్లలు, డిక్కీలో వలీమా దేగిషాలు, పైన క్యారియర్ మీద పరుపులు! తరవాత రోజుల్లో డిక్కీలో గ్యాస్ సిలిండర్ కూడా చేరింది. ఆ బోఝ్ అంతా పడింది వెనక విల్లు మీదే. 2014 మేలో ఉత్తర్‌పారా కార్ఖానా ఆగిపోయేదాకా మోయాల్సింది మోసింది పాపం.

ఇక మరమ్మతు. రోడ్డు పక్క గ్యారేజీలో మొదట వినిపించే సలహా "ఇంకో పట్టీ వేద్దాం సాబ్". కొన్నిసార్లు ఆ పట్టీ జీపుదో, చిన్న లారీదో అవుతుంది. వెనక భాగం లేస్తుంది, మాలిక్ ఖుష్. కానీ కారు ఎత్తు కమాన్ వంపు నుంచి వస్తుంది, మొండితనం పట్టీల సంఖ్య నుంచీ మందం నుంచీ వస్తుంది. రెండూ వేరు. ఆరు పట్టీల కట్టకి అదే మందం పట్టీ ఒకటి కలిపితే మొండితనం సుమారు ఆరో వంతు పెరుగుతుంది. మందం రెట్టింపు ఉన్న పట్టీ వేస్తే? ఆ ఒక్కటే ఎనిమిది మామూలు పట్టీల పెట్టు. ఇక ఖాళీ కారులో నానీమా వెనక కూర్చుంటే ప్రతి గుంతా నేరుగా ఆమె వెన్నెముకకే. తడి రోడ్డు మీద వెనక చక్రాలు ఎగిరెగిరి పట్టు తప్పే ఖత్రా కూడా ఉంటుంది.

పాత ఉస్తాదుల తరీఖా వేరు. కట్ట విప్పి, ఏ పట్టీకి ఆ పట్టీని దిమ్మె మీద పెట్టి, సుత్తి దెబ్బ పక్కన దెబ్బగా చల్లగానే కొట్టుకుంటూ పోయిన గోలాయిని తిరిగి తెస్తారు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచడం సులువే, అయితే ఉక్కుకి పట్టించిన పానం పోతుంది. మళ్లీ సరిగా పానం పట్టించే భట్టీ లేకపోతే ఆ పట్టీ కొన్నాళ్లకే చదునవుతుంది. ఉక్కుకి పానం ప్రాణమని ఈ నేలకి ఎవరూ నేర్పక్కర్లేదు. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ సౌదాగర్లు అక్కడిదాకా వచ్చేవారని 1820ల్లో ఆ ఊరు చూసిన వైసీ అనే ఇంగ్లీషు డాక్టర్ రాసి పెట్టాడు. కమాన్ అనే మాట అటునుంచి ఇటొచ్చింది, ఉక్కు ఇటునుంచి అటెళ్లింది. సరే, దారి తప్పాను.

పట్టీల మధ్య తుప్పు గీకి గ్రాఫైట్ గ్రీజు రాయాలి. కళ్లల్లోని బుష్‌లు అరిగితే మార్చాలి. పట్టీ పగిలి ఉంటే గోలాయి జోలికి పోవద్దు, కొత్తదే. ఏం చేసినా రెండు పక్కలా చేయాలి. ఒక్క పక్కే లేపితే కారు కుంటుతుంది.

పొడవాటి షాకిల్ వేయడం ఇంకో చిట్కా. రెండు అంగుళాలు పొడుగు చేస్తే వెనక భాగం లేచేది ఇంచుమించు ఒక అంగుళమే, ఎందుకంటే విల్లుకి ఒక కొసే పైకి జరుగుతుంది, ఇరుసు నడుమ ఉంటుంది. పైగా మలుపుల్లో కారు పక్కకి ఊగుతుంది. ఇరుసుకీ కట్టకీ మధ్య దిమ్మె పెట్టేవాళ్లూ ఉన్నారు. కమాన్ ఇరుసు పైన ఉండే బండిని అది లేపుతుంది. కమాన్ ఇరుసు కింద ఉండే బండికి అదే దిమ్మె పెడితే వెనక భాగం ఇంకా దిగుతుంది. కిందకి వంగి చూడకుండా చెప్పే సలహాల హైసియత్ ఇంతే.

ఎంత లేపాలి? కార్ఖానా నుంచి వచ్చినప్పుడు ఉన్నంత, అంతే. అంతకు మించితే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ మీద కోణం పెరిగి కారు వణుకుతుంది. షాక్ అబ్జార్బర్ చివరిదాకా సాగి కొట్టుకుంటుంది. బ్రేక్ గొట్టం బిగుసుకుంటుంది, ఇది ప్రాణాల మీది మాట. వెనక లేస్తే ముక్కు వంగుతుంది గనక స్టీరింగ్ తేలికై వేగంలో దారి పట్టదు. కొలత తీసేటప్పుడు కారు ఖాళీగా, నేల చదునుగా, టైర్లలో గాలి సమానంగా ఉండాలి. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా టేపు పెట్టి, రెండు పక్కలా రాసుకోండి. పని అయ్యాక కొన్ని రోజులు తిప్పితే కమాన్ కాస్త కూర్చుంటుంది. అప్పుడు మళ్లీ కొలిచి, యూ బోల్టులు ఇంకోసారి బిగించి, హెడ్‌లైట్లు సరిచేయించండి. కుంగిన వెనక భాగంతో ఇన్నేళ్లూ ఆ లైట్లు ఎదుటివాళ్ల కళ్లల్లోకే కొట్టి ఉంటాయి.